చేవ ఉన్న కంచె

కంచె గట్టిగా ఉంటే రైతుకు కంటినిండా నిద్ర. ఆ కంచెను నిలబెట్టేది ముళ్లతీగ కాదు, రాట. మరి ఏ కర్ర పదేళ్లు నిలుస్తుంది? ఏది రెండు వానలకే కూలిపోతుంది? సొంత గట్టుమీది చెట్టు రాటకు పనికొస్తుందా? డబ్బు పెట్టేముందు ప్రతి రైతు కుటుంబమూ తెలుసుకోవాల్సిన సంగతులివి.

వేరుశనగకు ఊడలు దిగి కాయ ఊరే రోజులు. రాత్రంతా ఈదురుగాలి, వాన. తెల్లారి చేనికి వెళ్లేసరికి ఉత్తరం పక్క కంచె నేలమీద పడుకుని ఉంది. తీగ తెగలేదు. మేకులు ఊడలేదు. రాటలు విరిగాయి. అన్నీ ఒకేచోట, సరిగ్గా నేలమట్టం దగ్గర. పైన రాయిలా ఉన్న కర్ర కింద మాత్రం పిండిలా రాలుతోంది. ఆ సందులోంచి అడవిపందుల గుంపు దూరింది. అరెకరం చేను నాగలితో దున్నినట్టయిపోయింది.

ఊరు ఏదైనా కావచ్చు. అనంతపురం, ప్రకాశం, మహబూబ్‌నగర్... కంచె వేసిన రెండో ఏడో మూడో ఏడో ఇలాంటి ఉదయాన్ని చూసిన రైతులు ఏ జిల్లాలోనైనా ఉంటారు. కంచే చేను మేస్తే కాసేవారెవరని సామెత. ఇక్కడ కంచె చేను మేయలేదు. కంచెనే చెదలు మేశాయి.

తప్పు ఎక్కడ జరిగింది? రాట పాతిన రోజున కాదు. చాలాసార్లు కర్రను ఎంచుకున్న రోజునే.

ఎకరానికి ఎన్ని రాటలు?

ముందు లెక్క చూద్దాం. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు. చేను నలుచదరంగా ఉందనుకుంటే చుట్టుకొలత సుమారు 835 అడుగులు. పది అడుగులకో రాట పాతితే 84 కావాలి. ఎనిమిది అడుగులకొకటైతే 105. అవి మూడేళ్లకే పోతే మళ్లీ అన్ని కర్రలూ కొనాలి. మళ్లీ గుంతలు తవ్వాలి. తీగ ఊడదీసి మళ్లీ బిగించాలి. కర్ర ధరకన్నా కూలీ ఖర్చే ఎక్కువవుతుంది.

ఇంకో లెక్కా ఉంది. పదెకరాలు కలిపి ఒకే కంచె వేస్తే చుట్టుకొలత 2,640 అడుగులు. అంటే 264 రాటలు. ఎకరానికి 26 పడతాయి! విడివిడిగా వేసుకుంటే 84. గట్టు తగాదాలు పక్కనపెట్టి నలుగురు ఇరుగుపొరుగు రైతులు కలిస్తే మంచి కర్రే కొనుక్కోవచ్చు, ఖర్చూ తగ్గుతుంది.

రాతి కడీలు మేలు కదా అనొచ్చు. నిజమే. తెలంగాణలో కడీలన్నా, రాయలసీమలో కూసాలన్నా రాయి రాయే. చెద పట్టదు. రాయి దగ్గర్లో దొరికేచోట దానికి మించింది లేదు. కానీ దూరం నుంచి తేవాలంటే బండి కిరాయి తడిసి మోపెడవుతుంది. దింపడానికి మనుషులు కావాలి. సిమెంటు స్తంభాలదీ అదే కథ. అందుకే గట్టుమీద చెట్లున్న రైతు చూపు ముందు వాటిమీదే పడుతుంది.

కంచె మీద నమ్మకం పోయినచోట కొందరు మరో దారి తొక్కుతున్నారు. లైను నుంచి తీగ లాగి చేను చుట్టూ కరెంటు పెడుతున్నారు. అది చట్టరీత్యా నేరం. అంతకుమించి ఘోరం. ఆ తీగకు తగిలి పోయింది అడవి జంతువులే కాదు. చీకట్లో నీళ్లు పెట్టడానికి వెళ్లిన పక్కచేను రైతులూ, తీగ చుట్టిన రైతులూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. కూలిపోని కంచె విలువ ఎంతో అప్పుడు తెలుస్తుంది.

చేవ అంటే ఇదే

ముదిరిన చెట్టును అడ్డంగా కోసి చూడండి. మధ్యలో ముదురురంగు కర్ర. దాని చుట్టూ తెల్లటి వలయం. ఆపైన బెరడు. ఆ మధ్యనున్న ముదురు కర్రే చేవ. 'చేవ ఉంటే రా' అని సవాలు విసిరినా, 'ఒంట్లో చేవ చచ్చింది' అని వాపోయినా అదే మాట. కర్ర విషయంలో మాత్రం అది ఉత్త మాట కాదు. కంటికి కనిపించే, టేపుతో కొలవగలిగే వస్తువు.

బయటి తెల్లకర్ర గుండా వేరు పీల్చిన నీరు ఆకుకు చేరుతుంది. పిండిపదార్థాలూ చక్కెరలూ నిల్వ ఉండేదీ అందులోనే. చెట్టు నిలబడి ఉన్నంతకాలం అది చెట్టుకు ఆహారం. కొట్టేశాక పురుగుకూ బూజుకూ ఆహారం. వయసు పెరిగేకొద్దీ లోపలి పొరలు నీళ్లు మోసే పని మానేస్తాయి. చెట్టు వాటిలో జిగురులూ వగరు పదార్థాలూ నింపుతుంది. రంగు ముదురుతుంది. మంచి జాతుల్లో ఆ కర్ర పురుగుకు రుచించదు, బూజుకు గిట్టదు.

ఇప్పుడు ఓ చిన్న లెక్క. నాలుగంగుళాల అడ్డుకొలత ఉన్న గుండ్రటి రాట తీసుకోండి. చుట్టూ అంగుళం మందాన తెల్లకర్ర ఉంటే, లోపల మిగిలే చేవ రెండంగుళాలే. మొత్తం కర్రలో అది నాలుగోవంతు. మిగతా ముప్పావు వంతు చెదలకు విందుభోజనం! అదే అడుగు అడ్డుకొలత ఉన్న ముదురు మొద్దు చుట్టూ అంగుళం తెల్లకర్ర ఉన్నా, చేవ దాదాపు డెబ్భై శాతం ఉంటుంది. దాన్ని నిలువునా నాలుగు చీలికలు చేస్తే నాలుగు మంచి రాటలు.

అంటే చూడ్డానికి నున్నగా, నిటారుగా ఉన్న పడుచు చెట్టు రాటకన్నా ముదురు మొద్దును చీల్చిన వంకరటింకర రాట మేలన్నమాట. అందం చూసి కొంటే మోసపోయేది ఇక్కడే.

కర్రలకు శ్మశాన పరీక్ష

ఏ కర్ర ఎన్నాళ్లుంటుందో తేల్చడానికి ఓ పద్ధతి ఉంది. దాని పేరు వింటే ఒళ్లు జలదరిస్తుంది... శ్మశాన పరీక్ష! డెహ్రాడూన్‌లో 1906లో మొదలైన అటవీ పరిశోధన సంస్థ మనదేశపు కర్రలెన్నింటినో ఇలాగే పరీక్షించింది. ఒకే కొలతకు కోసిన ముక్కల్ని వరసలుగా సగం వరకూ నేలలో పాతుతారు. చూడ్డానికి అచ్చం సమాధిరాళ్లలా ఉంటాయి. అందుకే ఆ పేరు. ఎప్పటికప్పుడు పైకి లాగి చెద ఎంత తిన్నదీ, బూజు ఎంత పట్టిందీ చూసి మళ్లీ పాతేస్తారు.

సగటున 120 నెలలు, అంటే పదేళ్లు దాటి నిలిచినవి మొదటి తరగతి. 60 నుంచి 120 నెలల మధ్య పోయినవి రెండో తరగతి. 60 నెలలు కూడా నిలవనివి మూడో తరగతి. టేకు, సండ్ర చేవలు మొదటి తరగతిలో పాసైనవే.

ఇక్కడే ఓ మెలిక. ఆ మార్కులు చేవకు వేసినవి. తెల్లకర్ర ఏ చెట్టుదైనా చివరి బెంచీదే. 'ఇది టేకు రాట' అన్న ఒక్క మాట నమ్మి తోటలో ఏరివేతకు కొట్టిన సన్నటి టేకు బాదులు కొంటే జరిగేది అదే. పేరు టేకు, లోపల అంతా తెల్లకర్ర. నేలలో పాతాక దాని పేరు చెదలకు తెలియదు కదా.

గట్టుమీద ఏముంది?

సండ్రనే చండ్ర అనీ అంటారు. మండే నిప్పుల్ని చండ్రనిప్పులు అనడం ఈ కర్ర చలవే. తాంబూలంలో వేసే కాచు తయారయ్యేది దీని చేవ నుంచే. నోటిని వగరు చేసే ఆ పదార్థాలు చేవలో దట్టంగా ఉంటాయి. అందుకే చెదలు దీని జోలికి తొందరగా రావు. పొలంలో ముదిరిన సండ్ర ఉంటే రాటకు అంతకుమించింది వెతకక్కర్లేదు.

రాయలసీమ మెట్టల్లో కనిపించే నారఏపిదీ అదే దారి. ఎండిన చేవ నీళ్లలో వేసినా మునిగిపోయేంత బరువు. చిక్కల్లా మేకు దిగకపోవడమే. ముందు బెజ్జం వేసుకుని మేకు కొట్టాలి, లేదా తీగను రాట చుట్టూ తిప్పి కట్టాలి.

నల్లతుమ్మ రైతుకు కొత్త కాదు. నాగలికీ, బండిచక్రానికీ వాడిన కర్ర. ఎర్రటి చేవ గట్టిది. తెల్లకర్రను మాత్రం పురుగు కొద్ది నెలల్లోనే పొడి చేసేస్తుంది. అందుకే వెనకటి వడ్రంగులు తుమ్మమొద్దుల్ని చెరువులో నానబెట్టేవారు. పురుగు ఆశపడే పదార్థాలు నీళ్లలో కరిగిపోయి దాని బెడద తగ్గుతుంది. ఈ కిటుకు ఇప్పటికీ పనికొస్తుంది.

అందరూ తిట్టుకునే చెట్టొకటుంది. సర్కారు తుమ్మ, కంపచెట్టు... ఎవరు ఏ పేరుతో పిలిచినా బీడునంతా కమ్మేసే ఆ ముళ్లచెట్టే. బొగ్గుకు తప్ప దేనికీ పనికిరాదనుకుంటారు. కానీ ముదిరిన మొదలు కోసి చూస్తే లోపల చిక్కటి గోధుమరంగు చేవ ఉంటుంది. నేలలో బాగా నిలిచే కర్ర అది. తిన్నగా ఉండే ముక్క దొరకడమే కష్టం. ఆరడుగుల తిన్నటి ముక్క దొరికితే మాత్రం వంటచెరకులో పడేయకండి. పొలం శుభ్రమవుతుంది, రాటా దొరుకుతుంది.

వేపకు చెద పట్టదన్నది ఊరూరా ఉన్న నమ్మకం. అందులో సగమే నిజం. ముదురు వేప ఎర్రచేవ చెదను కొంతవరకు తట్టుకుంటుంది. లేత వేపకొమ్మను నరికి పాతితే ఆ పేరు నిలబెట్టలేదు.

రాయలసీమ అడవుల సొత్తు ఎర్రచందనం. చేవకు పెట్టింది పేరు. ఇళ్లకు స్తంభాలుగానూ వాడిన కర్ర. ఇప్పుడు సొంత పొలంలో పెంచిన చెట్టయినా అనుమతి లేకుండా కొట్టకూడదు. కంచె కోసం ఆ ఆలోచనే వద్దు.

ఇక సులువుగా దొరికేవి సుబాబుల్, సరుగుడు, జామాయిల్. కాగితపు మిల్లులకూ కట్టడాల పరంజాలకూ నాలుగైదేళ్లలోనే కొట్టేసే తోటలవి. ఆ వయసు కర్రలో చేవ ఎక్కడిది? మందు పట్టించకుండా నేలలో పాతితే రెండుమూడేళ్ల ముచ్చటే. వెదురైతే అంతకన్నా ముందే చేతులెత్తేస్తుంది.

అలాగని వాటిని పారేయనక్కర్లేదు. కర్రకు శత్రువు నేల. నేలకు తగలకపోతే అవీ చాలాకాలం నిలుస్తాయి. అందుకని చేవ ఉన్న రాటల్ని ఇరవై అడుగులకొకటి పాతి, మధ్యలో సుబాబుల్ బద్దనో వెదురు బద్దనో నేలకు ఆనకుండా తీగలకు కట్టి వేలాడదీయొచ్చు. తీగలు ఎడం కావు. పశువు తల దూర్చలేదు. ఎకరానికి 84 గట్టి రాటలు కావాల్సినచోట 42తో సరిపోతుంది.

తాటిది తిరకాసు

అన్ని చెట్లకూ గట్టిదనం లోపలుంటే తాటికి బయటుంటుంది. కోసి చూస్తే బెరడు పక్కన నల్లటి నారలతో ఉక్కులాంటి కర్ర, మధ్యలో మెత్తటి బెండు. గోదావరి, కృష్ణా జిల్లాల్లో పాత ఇళ్ల దూలాలకూ వాసాలకూ వాడింది ఆ నల్లకర్రనే. రాటకు కావాలంటే బాగా ముదిరిన చెట్టే కావాలి. మొద్దును నిలువునా చీల్చి, లోపలి బెండంతా చెక్కేసి, నల్లకర్ర మాత్రమే వాడాలి. బెండుతో సహా పాతితే అది నీళ్లు పీల్చే దూదే. లేత తాడికి బయటా బలముండదు.

నేలమట్టమే గండం

రాట ఎప్పుడూ నేలమట్టం దగ్గరే ఎందుకు విరుగుతుంది? కర్రను కుళ్లబెట్టే బూజుకు తిండితోపాటు తేమ, గాలి... రెండూ కావాలి. నేలలో బాగా లోతున తేమ ఉన్నా గాలి తక్కువ. నేలపైన గాలి ఉన్నా కర్ర ఎండిపోతుంది. తేమ ఇరవై శాతం లోపుంటే బూజు బతకలేదు. ఆ రెండూ కలిసేది నేలమట్టానికి కాస్త పైనా కిందా ఉన్న జానెడు మేర. చెదలు వచ్చే దారీ అదే. రాటకు గాలిదెబ్బ గట్టిగా తగిలేదీ అక్కడే. అందుకే జాగ్రత్తంతా ఆ చోటే తీసుకోవాలి.

మొదలు కాల్చి పాతడం పాత అలవాటు. కాల్చిన పైపొర కొంత అడ్డుపడుతుందేమోగానీ, ఆ వేడికి కర్ర పగుళ్లిస్తుంది. పగుళ్లలోంచి నీరు లోపలికి దిగుతుంది. కాల్చాం కదా అని తెల్లకర్రను నమ్ముకుంటే నష్టమే. తారు పూయడానికీ ఓ పద్ధతుంది. బాగా ఎండిన కర్రకే పూయాలి. పచ్చికర్రకు పూస్తే లోపలి తేమ బయటకు పోలేక అక్కడే కుళ్లు మొదలవుతుంది. ఇంజిన్ నుంచి తీసిన పాత నూనె పూయడం ఇంకో అలవాటు. పైపూతగా అది చేసే మేలు తక్కువ, నేలకు చేసే కీడు ఎక్కువ.

సిమెంటు కాంక్రీటు పోస్తే రాట కదలదన్నది నిజమే. కానీ అడుగున కూడా కాంక్రీటు ఉంటే అది గిన్నెలా తయారవుతుంది. కర్ర ఎండి సన్నబడ్డాక ఆ సందులోంచి దిగిన వాననీరు బయటకు పోదు. అందుకే గుంత అడుగున కంకరరాళ్లు పోసి, వాటిమీద రాటను నిలబెట్టాలి. చుట్టూ రాళ్లూ మట్టీ వేస్తూ దిమ్మిసతో పొరపొరగా కుదించాలి. చివర్లో మొదలు చుట్టూ మట్టిని గోపురంలా పోస్తే వాననీరు పక్కకు జారిపోతుంది.

మందు కనిపెట్టిన మనవాడు

చేవలేని కర్రకు చేవ పోయగలమా? పోయొచ్చని ప్రపంచానికి చూపించినవారిలో ముందుండేది మన తెలుగువారే. పేరు సొంటి కామేశం. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1933లో రాగి, ఆర్సెనిక్, క్రోమియం లవణాలు కలిపి ఓ మందు తయారుచేశారు. రాగి బూజును ఆపుతుంది. ఆర్సెనిక్ పురుగును చంపుతుంది. ఆ రెండూ వానకు కరిగి పోకుండా కర్రలోనే పట్టి ఉంచే పని క్రోమియానిది. ఆర్సెనిక్, రాగి రసాయన సంకేతాలను కలిపి దానికి 'ఆస్కూ' అని పేరు పెట్టారు. 1938లో అమెరికాలోనూ పేటెంటు వచ్చింది.

తర్వాతి కాలంలో ఈ తరహా మందు దేశదేశాలకూ పాకింది. న్యూజిలాండ్‌లో గొర్రెల క్షేత్రాల చుట్టూ మైళ్లకొద్దీ కనిపించే పైన్ రాటలు నిలిచింది దీని బలంతోనే. మెత్తటి పైన్ కర్రకు దశాబ్దాల ఆయుష్షు పోసింది అదే.

అయితే ఆర్సెనిక్ విషం. పిల్లలు ఆడుకునే చోట్ల, ఇళ్ల వసారాల్లో అలాంటి కర్ర మంచిదికాదన్న ఆందోళనతో 2003 చివరికల్లా అమెరికాలో ఇళ్ల అవసరాలకు దాని వాడకం దాదాపు ఆపేశారు. పొలం రాటల్లాంటి వాటికి మాత్రం అక్కడ అనుమతి ఉంది. ఆర్సెనిక్ లేని మందులూ వచ్చాయి. ఈ పని ఇంట్లో తొట్టి పెట్టుకుని చేసేది కాదు. యంత్రాలతో ఒత్తిడి పెట్టి మందును లోపలిదాకా ఎక్కించిన కర్రనే కొనుక్కోవాలి. మందు తాగిన కర్ర పాతబడ్డాక పొయ్యిలో పెట్టకూడదు. పొగలోనూ బూడిదలోనూ విషం ఉంటుంది. కంచె నుంచి తీసిన పాత కర్రలతో నీళ్లు కాచుకునే ఇళ్లలో ఈ మాట అందరికీ తెలిసి ఉండాలి.

ఇంకో విశేషం. మందు బాగా పీల్చుకునేది తెల్లకర్రే. చేవలోకి అది సరిగ్గా దిగదు. అందుకే చేవ ఉన్న కర్రకు మందు అంతగా అక్కర్లేదు. చేవలేని సరుగుడు, జామాయిల్ లాంటివాటికే మందు పట్టించడం దండగ కాదు.

చిగురించే రాట

ఎంత మంచి చేవ అయినా ఏదో ఒకరోజు పోతుంది. పోనిది ఒక్కటే... బతికున్న రాట. చెట్టు బతికున్నంతకాలం తనను తానే కాపాడుకుంటుంది. ఈ రహస్యం మన పెద్దలకు తెలుసు. గుంపెన కొమ్మ నరికి పాతితే చిగురిస్తుంది. గిరిపుష్పం అని పిలుచుకునే గ్లైరిసీడియా కూడా అంతే. దాని ఆకు చేనుకు పచ్చిరొట్ట ఎరువు.

బొటనవేలికన్నా లావుగా, ఐదారడుగుల పొడవున్న ముదురు కొమ్మల్ని తొలకరికి ముందు కొట్టి, వానలు పడగానే అడుగున్నర లోతున పాతాలి. కొన్ని ఎండిపోతాయి. వాటి స్థానంలో మరుసటి తొలకరికి మళ్లీ పాతుకోవాలి. మొదటి రెండేళ్లూ వాటిమీద తీగ బరువు పెట్టకూడదు. వేరు నిలదొక్కుకునేదాకా అవి చంటిపిల్లలే.

అందుకే తెలివైన కంచె రెండు తరాలుగా ఉంటుంది. ఇప్పుడు తీగ మోయడానికి చేవ ఉన్న ఎండు రాట. దాని పక్కనే పచ్చికొమ్మ. ఏడెనిమిదేళ్లకు ఎండు రాట అలిసిపోయేనాటికి పచ్చిరాట భుజమందిస్తుంది. తీగను మాత్రం బతికున్న చెట్టుకు నేరుగా మేకుతో కొట్టకండి. కాండం లావెక్కేకొద్దీ తీగను మింగేస్తుంది. మధ్యలో ఓ బద్ద పెట్టి, దానికి తీగ బిగించాలి.

వాటి మధ్య వాక్కాయ, గచ్చకాయ, సీమచింత లాంటి ముళ్లజాతుల్ని ఒత్తుగా నాటితే నాలుగైదేళ్లకు పచ్చటి గోడ లేస్తుంది. తీగమీదే భారం వేసిన కంచెకు అడుగున సందు దొరికితే పంది దూరిపోతుంది. మొదలంటా ముళ్లకంప అల్లుకున్నచోట దూరడం కష్టం. పైగా వాక్కాయ పచ్చడికీ, సీమచింతకాయలు పిల్లల జేబుల్లోకీ! కంచె కూడా కాస్త పంట ఇస్తుంది.

కొట్టేముందు... పాతేముందు

* చెట్టు మీదైనా అనుమతి అవసరం కావొచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టం సొంత భూముల్లోని చెట్లకూ వర్తిస్తుంది. దేనికి అనుమతి కావాలో, దేనికి మినహాయింపు ఉందో అటవీశాఖ కార్యాలయంలో ముందే అడగండి. రిజర్వు అడవిలోని కర్ర ముట్టుకోవద్దు. పొలంలో పెంచిన వెదురును మాత్రం 2017లో కేంద్ర అటవీ చట్టంలో 'చెట్టు' నిర్వచనం నుంచి తొలగించారు.

* వానలు వెనకబట్టాక, చలికాలంలో కొట్టడం మంచిది. కర్ర నెమ్మదిగా, పగుళ్లివ్వకుండా ఆరుతుంది. వెంటనే బెరడు తీసేయాలి. చాలా పురుగులు గుడ్లు పెట్టేది బెరడు సందుల్లోనే.

* నేలకు ఆనకుండా కింద రాళ్లు పెట్టి, వరసకూ వరసకూ మధ్య అడ్డకర్రలు వేసి, నీడన కొన్ని నెలలు ఆరబెట్టాలి.

* కొనేటప్పుడు రెండు చివరలూ చూడండి. ముదురురంగు చేవ సగానికి తక్కువుంటే వద్దు. కొస సున్నపుపూతతోనో రంగుతోనో కప్పి ఉంటే కాస్త కోయించి చూడండి. సన్నటి పొడి రాలుతుంటే లోపల పురుగున్నట్టే.

* గొడ్డలి వెనక్కి తిప్పి కొట్టి చూడండి. గట్టి కర్ర ఖంగుమంటుంది. డొల్ల కర్ర బొద్దుగా పలుకుతుంది.

* ఎనిమిదడుగుల రాటను రెండున్నర అడుగులైనా పాతాలి. మూలరాటలు లావుగా, ఇంకా లోతుగా ఉండాలి. తీగ బిగువంతా వాటిమీదే. రెండు పక్కలా ఊతకర్రలు తప్పనిసరి.

* ఏటా వానాకాలం ముందు ఓసారి కంచె చుట్టి రండి. నేలమట్టం దగ్గర రెండంగుళాలు మట్టి తీసి, మేకుతో గుచ్చి చూడండి. మేకు సులువుగా దిగితే ఆ రాటను అప్పుడే మార్చేయాలి. ఒక రాట పడితే దాని భారం పక్కరాటల మీద పడుతుంది. ఆనక వరసంతా పోతుంది.

మనవడి కంచె

చేవకు అడ్డదారి లేదు. అది ఏళ్లతరబడి చెట్టు లోలోపల పోగుచేసుకునేది. ఇవాళ సండ్ర రాట కావాలంటే ఎప్పుడో ఎవరో గట్టుమీద సండ్ర మొక్కను బతకనిచ్చి ఉండాలి. ఆ 'ఎవరో' చాలా ఊళ్లలో తాతలే. ట్రాక్టరు తిరగడానికి అడ్డమని గట్లమీది చెట్లను తీసేసినచోట ఇప్పుడు రాటలకోసం ఊరూరా తిరగాల్సివస్తోంది.

అందుకే కంచె వేసే ఏడాదే ఇంకో పని చేయాలి. పైరుకు నీడ పడని ఉత్తరపు గట్టుమీద నాలుగు సండ్రలో, ఓ రెండు వేపలో, దారి పక్కన నాలుగు నల్లతుమ్మలో నాటాలి. ఖర్చు పెద్దగా ఉండదు. మొదటి రెండు మూడు వేసవులు కాసిని నీళ్లు, మేకల నుంచి కాపలా. అంతే. తర్వాత అవే పెరుగుతాయి.

ఇప్పుడు పాతిన రాట పంటను కాపాడుతుంది. ఇప్పుడు నాటిన మొక్క, పిల్లలు వేసుకోబోయే కంచెకు రాట అవుతుంది. చేవ అంటే నిజానికి అదే కదా!